అమ్మ ఎక్కడ ఉండాలి? సొంత ఇల్లు, పిల్లల ఇల్లు, సీనియర్ లివింగ్, అసిస్టెడ్ లివింగ్: ఎలా తేల్చుకోవాలి

నాన్న పోయాక మా అమ్మ తెనాలిలో ఒక్కతే ఉండేది. పగలు ఒకామె వచ్చి వంట చేసి, ఇల్లు తుడిచి, సాయంత్రం ఆరింటికి వెళ్ళిపోయేది. ఒక రాత్రి బాత్‌రూమ్‌కి లేచిన అమ్మ గడప దగ్గర పడిపోయింది. ఫోన్ మంచం మీద ఉంది. తెల్లవారి పాలబ్బాయి తలుపు కొట్టేదాకా ఆమె నేల మీదే ఉంది. ఎముక విరగలేదు. కానీ ఆ తర్వాత రాత్రిపూట మంచం దిగాలంటేనే భయపడేది. ఆ భయంతో సాయంత్రం నుంచి మంచినీళ్ళు తాగడం కూడా మానేసింది.

ఇక ఇంట్లో రోజూ ఇదే చర్చ. అన్నయ్య న్యూజెర్సీ నుంచి తన దగ్గరికి తీసుకెళ్తానన్నాడు. నేను హైదరాబాద్ రమ్మన్నాను. మేనమామ ఊళ్ళోనే రాత్రికి కూడా మనిషిని పెట్టమన్నాడు. అసిస్టెడ్ లివింగ్ మాట నేను ఎత్తితే అమ్మ ఒకటే అడిగింది: "అంటే ఆశ్రమమేగా? నన్ను ఆశ్రమంలో పడేస్తావా అమ్మాయ్?"

ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో చూసినవీ, అడిగి తెలుసుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లోనూ ఈ టెన్షన్ ఉంటే కొంతైనా పనికొస్తుంది.

## ముందు పేర్ల సంగతి

మన దగ్గర పెద్దవాళ్ళు ఇల్లు వదిలి వెళ్ళే చోటు ఏదైనా అందరూ "ఆశ్రమం" అనే అంటారు. అందుకే ఎంపిక మొదలవకముందే మనసు విరిగిపోతుంది. నిజానికి ఇవి వేర్వేరు.

సీనియర్ లివింగ్ అంటే తమ పనులు తాము చేసుకోగలిగే పెద్దవాళ్ళ కోసం కట్టిన అపార్ట్‌మెంట్లు, విల్లాలు. వంట, శుభ్రత, భద్రత నిర్వాహకులు చూస్తారు. అసిస్టెడ్ లివింగ్‌లో స్నానం, బట్టలు, మందులు, నడక లాంటి రోజువారీ పనుల్లో చెయ్యి అందించే మనుషులు 24 గంటలూ ఉంటారు. నర్సింగ్ కేర్ మంచం పట్టినవాళ్ళకి, ట్యూబుతో ఆహారం తీసుకునేవాళ్ళకి. వృద్ధాశ్రమాలు ఎక్కువగా ధార్మిక సంస్థలు, ప్రభుత్వం నడిపేవి. ఎవరూ లేనివాళ్ళకీ, డబ్బు లేనివాళ్ళకీ అవి ఆధారం.

అసిస్టెడ్ లివింగ్ ఆలోచన 1980లలో అమెరికాలోని ఒరెగాన్‌లో రూపు దిద్దుకుంది. కెరెన్ బ్రౌన్ విల్సన్ అనే ఆమె తల్లికి పక్షవాతం వచ్చి ఏళ్ళ తరబడి నర్సింగ్ హోముల్లో ఉండాల్సి వచ్చింది. తల్లి పడిన ఇబ్బంది చూసిన కూతురు వేరే రకం చోటు కట్టింది. అక్కడ గది ఎవరిది వాళ్ళదే, తలుపుకు లోపలి నుంచి తాళం వేసుకోవచ్చు, సామాను సొంతది పెట్టుకోవచ్చు, సాయం మాత్రం పిలిస్తే వస్తుంది. ఈ సంగతి అమ్మకి చెప్పినప్పుడు ఆమె పట్టుకున్నది ఒక్కటే: "లోపల గడియ మనమే వేసుకోవచ్చా?" తర్వాత ఏ చోటు చూడటానికి వెళ్ళినా మొదట ఆ గడియే చూశాం.

ఒక జాగ్రత్త. మన రాష్ట్రాల్లో "అసిస్టెడ్ లివింగ్" అని బోర్డు పెట్టుకున్న చోట్లన్నీ ఒకే సేవ ఇవ్వవు. కొన్నిచోట్ల పగలు ఒక నర్సు, రాత్రి ఒక వాచ్‌మన్, అంతే. బోర్డు వదిలేసి పని చూడాలి.

## ఏ కొలతతో చూడాలి

వయసుతో కొలవకండి. 84 ఏళ్ళకి ఒంటరిగా గుడికి నడిచి వెళ్ళేవాళ్ళు ఉన్నారు, 68కి స్నానానికి సాయం కావాల్సినవాళ్ళూ ఉన్నారు.

డాక్టర్లు వాడే పాత కొలత ఒకటి ఉంది. సిడ్నీ కట్జ్ అనే వైద్యుడు, ఆయన బృందం 1963లో ప్రచురించారు. అందులో ఆరు పనులు: స్నానం, బట్టలు వేసుకోవడం, బాత్‌రూమ్‌కి వెళ్ళి రావడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల మీద అదుపు, తినడం. 1969లో వచ్చిన ఇంకో కొలతలో ఎనిమిది ఉన్నాయి: ఫోన్ వాడటం, సరుకులు తెచ్చుకోవడం, వంట, ఇల్లు సర్దడం, బట్టలు ఉతకడం, ప్రయాణం, మందులు వేసుకోవడం, డబ్బు లెక్కలు.

ఒక కాగితం తీసుకుని ఈ పద్నాలుగూ రాయండి. ఒక్కోదాని పక్కన "సొంతంగా", "కొంచెం సాయం", "పూర్తి సాయం" అని పెట్టండి. అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకునే చేయండి. ఎనిమిదిలో మాత్రమే సాయం కావాలంటే ఇంట్లో పనిమనిషి, లేదా సీనియర్ లివింగ్ చాలు. ఆరులో రెండు మూడింటికి సాయం కావాలంటే అసిస్టెడ్ లివింగ్ గురించి ఆలోచించాల్సిన సమయం వచ్చినట్టే. ఆరింటికీ పూర్తి సాయం కావాలంటే నర్సింగ్ కేర్.

ఆ కాగితం మీద ఇంకో గడి నేను కలిపాను: ఏ సమయంలో? ఇదే అన్నిటికంటే ముఖ్యం అని నా అనుభవం. మా అమ్మకి పగలు దాదాపు ఏ సాయమూ అక్కర్లేదు. రాత్రి పదికీ పొద్దున ఆరుకీ మధ్య రెండుసార్లు చెయ్యి కావాలి. మేం అప్పటిదాకా డబ్బంతా పగటి మనిషికి పెట్టాం, అవసరమంతా రాత్రి ఉంది. ఏ ఏర్పాటు చూసినా "రాత్రి రెండింటికి ఎవరు లేస్తారు?" అని అడగడం అప్పుడే నేర్చుకున్నాను.

మిగతా కొలతలు ఇవి. జ్ఞాపకశక్తి ఎలా ఉంది, గ్యాస్ ఆపడం మర్చిపోతున్నారా, తెలిసిన వీధిలో దారి తప్పుతున్నారా. మాట్లాడే మనిషి దొరుకుతుందా, అదీ తెలుగులో. తిండి అలవాట్లు కుదురుతాయా. ఆసుపత్రి ఎంత దూరం. డబ్బు ఎన్నేళ్ళు వస్తుంది. నచ్చకపోతే వెనక్కి రావడానికి దారి ఉందా.

చివరిది చాలామంది మర్చిపోతారు. ఇల్లు అమ్మేసి వెళ్ళినవాళ్ళకి వెనక్కి రావడానికి చోటు మిగలదు.

## ఒక్క చూపులో

| ఏర్పాటు | రాత్రి సాయం | తోడు | తన ఇష్టప్రకారం ఉండటం | ఖర్చు తీరు | వెనక్కి రావడం |
|---|---|---|---|---|---|
| సొంత ఇల్లు, మనిషితో | రాత్రి మనిషిని విడిగా పెడితేనే | ఇరుగుపొరుగుని బట్టి | ఎక్కువ | నెలనెలా, అవసరం పెరిగితే రెట్టింపు | ప్రశ్నే లేదు |
| పిల్లల ఇల్లు | కుటుంబమే చూడాలి | పగలు తక్కువ కావచ్చు | మధ్యస్థం | పైకి తక్కువ | సులువు |
| సీనియర్ లివింగ్ | అత్యవసర బెల్ వరకు | ఎక్కువ | ఎక్కువ | కొనుగోలు లేదా డిపాజిట్, నెలసరి | కొంటే కష్టం |
| అసిస్టెడ్ లివింగ్ | ఉండాలి, పరీక్షించాలి | ఎక్కువ | మధ్యస్థం | డిపాజిట్, నెలసరి, సాయాన్ని బట్టి అదనం | ఒప్పందాన్ని బట్టి |
| వృద్ధాశ్రమం | చోటును బట్టి | ఎక్కువ | తక్కువ | ఉచితం లేదా తక్కువ | చోటును బట్టి |
| నర్సింగ్ కేర్ | పూర్తిగా | తక్కువ | తక్కువ | ఎక్కువ | ఆరోగ్యాన్ని బట్టి |

## సొంత ఇంట్లోనే, మనిషిని పెట్టుకుని

పెద్దవాళ్ళలో ఎక్కువమంది కోరుకునేది ఇదే, వాళ్ళ కోరికలో న్యాయం ఉంది. ఎక్కడ ఏ స్విచ్ ఉందో చీకట్లో కూడా తెలిసిన ఇల్లు. కూరగాయలవాడు పేరు పెట్టి పిలిచే వీధి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. కుదిరినన్నాళ్ళు ఇక్కడే ఉంచడం మంచిదని నేనూ నమ్ముతాను.

ముందు ఇంటిని సరిచేయండి. బాత్‌రూమ్‌లో గోడకి పట్టుకునే రాడ్లు, జారని టైల్స్, వెస్టర్న్ కమోడ్, మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న లైట్లు, గడపలు తీసేయడం, మెడలో వేసుకునే ఫోన్ లేదా బెల్. బాత్‌రూమ్ తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించండి. మనిషి లోపల తలుపుకి అడ్డంగా పడితే లోపలికి తెరుచుకునే తలుపు తీయలేం. అమ్మ పడిపోయాక చేశాం ఇవన్నీ. ముందే చేసి ఉండాల్సింది.

తర్వాత మనిషి లెక్క. ఏజెన్సీల అటెండెంట్లు సాధారణంగా 12 గంటల షిఫ్టులో వస్తారు. రోజంతా కావాలంటే ఇద్దరు కావాలి. "ఇంట్లోనే ఉండి 24 గంటలూ చూస్తుంది" అని ఒకరినే పంపినా ఆమెకీ నిద్ర కావాలి. అమ్మ రాత్రి మూడుసార్లు లేస్తే ఆ అమ్మాయి వారం కూడా నిలవదు. జీతం ఒక్కటే కాదు. ఆమె భోజనం, ఏజెన్సీ కమిషన్, ఆమె సెలవు రోజుల్లో వేరే మనిషి, ఇంటి పన్ను, మరమ్మతులు అన్నీ కలపండి. ఇద్దరు మనుషుల జీతం కలిపాక వచ్చే మొత్తం చాలా ఇళ్ళలో అసిస్టెడ్ లివింగ్ నెలసరికి దగ్గరగా ఉంటుంది. మాకు అలాగే వచ్చింది.

మేం ఏజెన్సీ ద్వారా రాత్రి మనిషిని పెట్టాం. రెండు నెలల్లో నలుగురు మారారు. ఒకామె దసరా ముందు రోజు చెప్పకుండా వెళ్ళిపోయింది. ఆమెని తప్పు పట్టలేను, ఆమెకీ ఇల్లుంది, పిల్లలున్నారు. కానీ ప్రతిసారీ అమ్మ ఒక కొత్త మనిషి ముందు బట్టలు మార్చుకోవాల్సి వచ్చింది. ఆ సిగ్గు ఆమె మాతో చెప్పలేదు, స్నానం రెండు రోజులకొకసారి చేయడం మొదలుపెట్టాక మాకే అర్థమైంది.

ఈ ఏర్పాటు నిలబడాలంటే నడిచి వచ్చేంత దూరంలో బాధ్యత తీసుకునే సొంత మనిషి ఒకరు ఉండాలి. తమ్ముడో, పిన్ని కొడుకో, పక్కింటివాళ్ళో. అటెండెంట్ రాని రోజు వెళ్ళేది ఆ మనిషే. అలాంటివాళ్ళు లేకపోతే డబ్బు ఎంత పెట్టినా ఇది బలహీనమైన ఏర్పాటే.

## పిల్లల ఇల్లు

అమ్మ మూడు నెలలు నా దగ్గర ఉంది. పదకొండో అంతస్తు. పొద్దున ఎనిమిదిన్నరకి నేనూ మా ఆయనా ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి. సాయంత్రం ఏడు దాకా ఆమె, టీవీ. కిందికి దిగినా మాట్లాడేవాళ్ళు లేరు. తెనాలిలో గేటు దగ్గర నిలబడితే పదిమంది పలకరించేవాళ్ళు. మా ఇంట్లో రాత్రి భయం పోయింది, పగలు ఒంటరితనం వచ్చింది.

ఇంట్లో పగలు ఎవరో ఒకరు ఉండే కుటుంబానికి, కింది అంతస్తులో లేదా లిఫ్ట్ నమ్మకంగా పనిచేసే చోట, విడి గది ఇవ్వగలిగితే ఇది మంచి ఏర్పాటు. కానీ చాకిరీ ఎవరి మీద పడుతుందో నిజాయితీగా చూడండి. మన ఇళ్ళలో అది కోడలి మీదో కూతురి మీదో పడుతుంది. ఆమెని అడగకుండా "అమ్మ మా ఇంట్లో ఉంటుంది" అని ఫోన్లో తేల్చేయడం తప్పు.

అమెరికా సంగతి వేరు. బీ-2 విజిటర్ వీసా మీద ఒక్కసారికి మామూలుగా ఆరు నెలల వరకే ఉండనిస్తారు. గ్రీన్‌కార్డు వచ్చినా, అక్కడ పనిచేసిన చరిత్ర లేని పెద్దవాళ్ళు 65 దాటాక కూడా ఐదేళ్ళు వరసగా ఉంటే గానీ ప్రీమియం కట్టి మెడికేర్ (పెద్దవాళ్ళకి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) తీసుకోలేరు. మెడికేర్ అసిస్టెడ్ లివింగ్ గది ఖర్చు ఇవ్వదు కూడా. ఇవి తెలిశాక అన్నయ్యే వెనక్కి తగ్గాడు.

## సీనియర్ లివింగ్

ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్న దంపతులకి, ముఖ్యంగా పిల్లలు దూరంగా ఉన్నవాళ్ళకి ఇది బాగుంటుంది. వంట బెడద లేదు, వయసు కలిసినవాళ్ళు, సాయంత్రం నడక, భజన, పేకాట. వెళ్ళాలనుకుంటే ఓపిక ఉండగానే వెళ్ళాలి. ఒళ్ళు సహకరించనప్పుడు కొత్త స్నేహాలు కలవడం కష్టం.

కొనేముందు ప్రాజెక్టు రెరాలో, అంటే రాష్ట్ర స్థిరాస్తి నియంత్రణ సంస్థలో, నమోదైందో చూడండి. కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2019లో రిటైర్మెంట్ హోమ్స్‌కి నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ఊసెత్తితే బిల్డర్ ఏం జవాబిస్తాడో వినండి. తిరిగి అమ్మాలంటే ఎవరికి అమ్మవచ్చు, వారసులకి వచ్చాక వాళ్ళు అందులో ఉండొచ్చా, నెలసరి నిర్వహణ ఎవరు ఎలా పెంచుతారు అన్నవి రాతలో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా: ఒకరికి పక్షవాతం వస్తే ఏమవుతుంది? అదే ప్రాంగణంలో అసిస్టెడ్ లివింగ్ విభాగం ఉంటే మంచిది. లేకపోతే ఇంకోసారి ఇల్లు మారాలి, అదీ ఒంట్లో బాగోనప్పుడు.

## అసిస్టెడ్ లివింగ్

బలం ఏమిటంటే ఒక మనిషి సెలవు పెడితే ఇంకో మనిషి ఉంటుంది. స్నానానికి ఎవరు సాయం చేసినా అది వాళ్ళ రోజువారీ పని. మందులు టైముకి ఇస్తారు. పిల్లలు చూడ్డానికి వెళ్ళినప్పుడు మాత్రల లెక్క చూడకుండా పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు.

బలహీనత కూడా చెప్పాలి. భోజనం టైము వాళ్ళది. పప్పు రుచి వాళ్ళది. సాయం చేసే మనుషుల్లో ఒడిశా, ఝార్ఖండ్ నుంచి వచ్చినవాళ్ళు కూడా ఉంటారు, కొందరికి తెలుగు అంతంతమాత్రం. చెవులు సరిగా వినపడని పెద్దావిడకి హిందీలో చెప్తే కంగారు పడుతుంది. మడి, ఆచారం పాటించేవాళ్ళకి వంటింటి నియమాలు ఇబ్బంది. పక్క గదిలోవాళ్ళు పోయినప్పుడు ఆ దిగులు అందరి మీదా పడుతుంది.

చూడ్డానికి వెళ్ళినప్పుడు నేను చేసినవి చెప్తాను. మొదటిసారి చెప్పి వెళ్ళాను. రెండోసారి చెప్పకుండా రాత్రి ఏడున్నరకి వెళ్ళాను. ఒక గదిలో పెద్దావిడ అనుమతి తీసుకుని బెల్ నొక్కి గడియారం చూశాను. ఒక చోట మూడు నిమిషాల్లోపే వచ్చారు. ఇంకో చోట పదిహేను నిమిషాలైనా ఎవరూ రాలేదు. ఆ రెండోచోట లాబీలో పాలరాయి, అక్వేరియం ఉన్నాయి. రాత్రి ఆ అంతస్తులో ఎంతమంది ఉంటే ఎంతమంది సిబ్బంది అని అడిగాను, తర్వాత ఆ వారం డ్యూటీ చార్టు చూపించమన్నాను. నోటి మాటకీ చార్టుకీ తేడా ఉన్న చోట అడుగు ముందుకు వేయలేదు. కారిడార్‌లో మూత్రం వాసన ఉందా, మంచం మీదున్నవాళ్ళని ఎన్ని గంటలకొకసారి పక్కకి తిప్పుతున్నారు, పడక పుళ్ళు ఉన్నవాళ్ళు ఎంతమంది అని అడగండి. సిబ్బంది పెద్దవాళ్ళని ఎలా పిలుస్తున్నారో వినండి. "అమ్మగారూ, లేవండి" అనే చోటుకీ "ఏయ్ ముసలమ్మా" అనే చోటుకీ తేడా అద్దాల తలుపుల్లో కనపడదు.

## మిగతా రెండు

వృద్ధాశ్రమాల గురించి చిన్నచూపు వద్దు. డబ్బు చాలనివాళ్ళకి, పిల్లలు లేనివాళ్ళకి మంచి ఆశ్రమం గౌరవమైన చోటే. 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో జిల్లాకి కనీసం ఒకటి, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడేలా రాష్ట్రాలు పెట్టవచ్చని ఉంది. ఎక్కడ చోటుందో తెలియకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయవచ్చు. ఈ హెల్ప్‌లైన్ మొదట 2017లో హైదరాబాద్‌లోనే మొదలైంది, తర్వాత దేశమంతా వచ్చింది.

నర్సింగ్ కేర్ అవసరం వచ్చినప్పుడు ఎంపికకి పెద్దగా చోటుండదు. డాక్టరే చెప్తారు. తుంటి ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలకే అయితే గది అద్దె ఒప్పందం లేకుండా స్వల్పకాలానికి తీసుకోండి.

## డబ్బు, రాతకోతలు

నెలకి 50,000 అనుకుందాం. ఏటా 10 శాతం పెంచే షరతు ఉంటే ఐదేళ్ళకి అది 80,000 దాటుతుంది, ఏడేళ్ళకి దాదాపు 97,000. పెన్షన్ ఆ వేగంతో పెరగదు. ఈ లెక్క మొదటి రోజే వేయండి. మధ్యలో డబ్బు అయిపోయి 86 ఏళ్ళ మనిషిని ఇంకో చోటికి మార్చడం చాలా బాధ.

డెబ్బై దాటినవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు చివర్లో మొదలైంది. చేయించుకోండి. కానీ అది ఆసుపత్రిలో చేరినప్పుడే పనికొస్తుంది. అటెండెంట్ జీతం, గది నెలసరి దాంట్లోకి రావు. ప్రభుత్వం గానీ, ఆదాయపు పన్ను చట్టం కింద నమోదైన ధార్మిక సంస్థ గానీ నడిపే ఆశ్రమంలో 60 దాటినవాళ్ళ నుంచి తిండి, బస కలిపి నెలకి 25,000 వరకు తీసుకునే రుసుముకి జీఎస్టీ మినహాయింపు ఉంది. ప్రైవేటు చోట చెప్పిన రేటు పన్నుతో కలిపిందో కాదో ముందే అడగండి.

ఒప్పందంలో నేను వెతికినవి: డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, ఏమేం కోస్తారు. ఆసుపత్రిలో పది రోజులుంటే గది అద్దె పూర్తిగా తీసుకుంటారా. సాయం పెరిగితే అదనపు ఫీజు ఎవరు ఎలా నిర్ణయిస్తారు. డైపర్లు, ఫిజియోథెరపీ, అంబులెన్స్ విడిగానా. ఏ పరిస్థితిలో "ఇక మేం చూడలేం, తీసుకెళ్ళండి" అంటారు. ఈ చివరి వాక్యం ఒప్పందంలో తప్పకుండా ఎక్కడో ఉంటుంది, వెతికి చదవండి.

ఇంకొక్క మాట, పెద్దవాళ్ళకే. ఖర్చు కోసమనో ప్రేమతోనో ఇల్లు పిల్లల పేరున గిఫ్ట్ డీడ్ రాసేటప్పుడు, జీవితాంతం బాగోగులు చూసుకోవాలన్న షరతు అందులోనే రాయించండి. 2007 చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఆ షరతు తప్పితే ఆ చట్టం కింద ఏర్పాటైన ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయవచ్చు. షరతు ఉందని చూపించాల్సిందేనని సుప్రీంకోర్టు 2022లో ఒక కేసులో చెప్పింది. 2025 జనవరిలో ఇంకో కేసులో ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా ఉదారంగా చదవాలని చెప్పింది. రాతలో ఉంటే ఈ వాదనల అవసరమే రాదు.

## ఎవరికి ఏది

డెబ్బై లోపు దంపతులు, ఇద్దరికీ ఓపిక ఉంది, పిల్లలు విదేశాల్లో: ఇల్లు సరిచేసుకుని ఉండండి, లేదా సీనియర్ లివింగ్‌లో అద్దెకి ఒక ఏడాది ఉండి చూడండి. వెంటనే కొనకండి.

ఒంటరిగా ఉన్న పెద్దావిడ, స్నానానికో రాత్రికో సాయం కావాలి, దగ్గర్లో సొంతవాళ్ళు లేరు: నా ఉద్దేశంలో అసిస్టెడ్ లివింగే. ఊళ్ళో గట్టి మనిషి ఉంటే సొంత ఇల్లు.

దంపతుల్లో ఒకరే మంచం పట్టారు: ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. బాగున్నవాళ్ళే చూసుకుంటారులే అనుకుంటారు. 78 ఏళ్ళ ఆయన 75 కిలోల భార్యని రోజుకి నాలుగుసార్లు లేపితే ఆయన నడుం పోతుంది, అప్పుడు ఇద్దరూ మంచం మీద. ఇద్దరికీ కలిపి ఒకే గది ఇచ్చి, ఒకరికే సాయం ఫీజు తీసుకునే చోట్లు ఉన్నాయి. అడగండి.

మతిమరపు జబ్బు, అంటే డిమెన్షియా: మన దేశంలో 60 దాటినవాళ్ళలో సుమారు 7.4 శాతం మందికి ఉందని ఒక జాతీయ సర్వే ఆధారంగా వేసిన అంచనా. మొదటి దశలో తెలిసిన ఇంట్లో ఉండటమే మేలు, చోటు మారిస్తే కంగారు పెరుగుతుంది. పొద్దు వాలాక "మా ఇంటికి వెళ్ళాలి" అని బయల్దేరడం, రాత్రంతా తిరగడం మొదలైతే మామూలు అసిస్టెడ్ లివింగ్ కూడా సరిపోదు. మెమరీ కేర్, అంటే మతిమరపు ఉన్నవాళ్ళ కోసమే నడిపే విభాగం, విడిగా ఉన్న చోటు చూడాలి, సిబ్బందికి అందులో శిక్షణ ఉందో లేదో అడగాలి.

పెన్షన్ చిన్నది, ఇల్లు ఒక్కటే ఆస్తి: ఇల్లు అద్దెకిచ్చి ఆ డబ్బుతో మంచి ధార్మిక ఆశ్రమంలో రుసుము కట్టి ఉండే గది, లేదా పిల్లలు పంచుకుని ఇచ్చే నెలసరి. పిల్లలు పట్టించుకోకపోతే ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టుకునే హక్కుంది, నెలకి 10,000 వరకు పోషణ ఇప్పించవచ్చు.

## అమ్మని ఒప్పించడం కాదు, అడగడం

మేం మొదట చేసిన తప్పు ముగ్గురం మాట్లాడుకుని అమ్మకి చెప్పడం. తర్వాత మూడు చోట్లకీ ఆమెనే తీసుకెళ్ళాం. నచ్చనిది ఆమే పేరు పెట్టి కొట్టేసింది. మిగిలినదాంట్లో నాలుగు వారాలకి స్వల్పకాలం గది తీసుకున్నాం, డిపాజిట్ లేకుండా. "నచ్చకపోతే ముప్ఫయ్యో రోజు తెనాలి వెళ్ళిపోదాం" అని మాటిచ్చాను, బస్సు టికెట్ కూడా చూపించాను. ఆ మాట నిజంగా నిలబెట్టుకునే ఉద్దేశంతోనే ఇవ్వండి. పెద్దవాళ్ళకి తెలిసిపోతుంది.

ఆమె తీసుకెళ్ళినవి: తన మంచం, దేవుడి పటాలు, చిన్న స్టీలు డబ్బాలో ఆవకాయ, నాన్న రేడియో. మొదటి పది రోజులూ రోజూ ఏడ్చింది. నేనూ రోజూ సాయంత్రం వెళ్ళాను. పదకొండో రోజు వెళ్తే, పక్క గదిలో ఉన్న రిటైర్డ్ టీచరుగారితో సత్తుపిండి గురించి వాదిస్తోంది. నన్ను చూసి "కూర్చో, ఇప్పుడే వస్తా" అంది.

అమ్మ అక్కడికి వెళ్ళి పదకొండు నెలలైంది. రాత్రి ఏడింటికే భోజనం పెట్టడం ఆమెకి ఇప్పటికీ నచ్చదు. ఆ సంగతి ఆఫీసులో చెప్పి ఎనిమిదింటికి గదికి పంపించేలా మార్పించుకుంది. సాయంత్రం మంచినీళ్ళు మళ్ళీ తాగుతోంది. తెనాలి ఇంట్లో ముందు భాగం అద్దెకిచ్చాం. వెనక గది ఆమె సామానుతో తాళం వేసి ఉంది, తాళంచెవి ఆమె దగ్గరే ఉంది.